అమెరికాల చిక్కువడ్డ మన ఆడపిల్లకు నల్లగొండల ఉండి ఏం సాయం చెయ్యొచ్చు?

పానగల్లు టీచరమ్మ | ఆదివారం, రాత్రి 9:10

అందరికి నమస్కారం. నేను సర్కారు బడిల తెలుగు చెప్పి రిటైరైన. నా దగ్గర పదో తరగతి చదివిన పిల్ల ఒకామె పెండ్లై అమెరికా పోయింది. భర్త సాఫ్ట్‌వేర్, ఆమెది హెచ్-4 వీసా, అంటే భర్త వీసా మీద ఆధారపడి ఉండేది. రెండేండ్ల కింద నాకు ఫోన్లు చేసుడు షురువు చేసింది. ఎప్పుడు చేసినా వెనుక గర్రుమని మెషిన్ తిరిగే చప్పుడే. వాళ్ళ అపార్ట్‌మెంట్ల బట్టలుతికే మెషిన్లు కింది అంతస్తుల అందరికి ఒక్క దగ్గరే ఉంటయట. బట్టలేసి అది ఆగేదాక అరగంట, అదే ఆమె సొంత సమయం. మెషిన్ ఆగంగనే "ఉంట టీచర్" అని పెట్టేసేది. ఒకనాడు "ఉతికిన బట్టలే మళ్ళ ఉతుకుతున్న టీచర్" అన్నది. ఆ మాట నాకు ఎక్కనీకి వారం పట్టింది.

కొడుతున్నడని మొదటిసారి చెప్పిననాడు నా నోట్లకెల్లి వచ్చిన మాట ఏందంటే, "ఓపిక పట్టు బిడ్డా, ఒక పిల్లనో పిలగాడో పుడితే మారుతడు." ఆ తర్వాత ఆమె రెండు నెలలు ఫోన్ చెయ్యలే. తల్లిగారింట్ల కూడ అదే మాట చెప్పిన్రని నాకు తర్వాత తెలిసింది. చెప్పుకునే జాగలన్నీ మేమే మూసేసినం.

ఇప్పుడు బయటపడ్డది. అక్కడి ఆడవాళ్ళ సంస్థ ఒకటి చెయ్యి పట్టుకున్నది. నాకిప్పుడు పొద్దంత ఖాళీయే. ఇట్లాంటి పిల్లలకు సాయం చేసే పని నేర్చుకోవాలని ఉన్నది. ఇక్కడ కూసొని నాసొంటిది ఏం చెయ్యొచ్చు? ఏం చెయ్యొద్దు? తెలిసినోళ్ళు చెప్పండి.

సూర్యాపేట బిడ్డ | ఆదివారం, రాత్రి 10:32

టీచర్, మీరు అడిగిన రెండో ప్రశ్న మంచిది. ఏం చెయ్యొద్దో తెలుసుకున్నంకనే నన్ను పనిల పెట్టుకున్నరు. నేను న్యూజెర్సీల ఉంట, ఆరేండ్లుగా వాలంటీరును.

ముందు సంస్థల సంగతి. మన ఉపఖండపు ఆడవాళ్ళ కోసమని ఇక్కడ మొదట పుట్టింది "మానవి", 1985ల, న్యూజెర్సీలనే. న్యూయార్క్‌ల "సఖి" 1989ల వచ్చింది. షికాగోల "అప్నా ఘర్", కాలిఫోర్నియా బే ఏరియాల "మైత్రి", "నారిక", హ్యూస్టన్ల "దయ", అట్లాంటల "రక్ష" ఉన్నయి. ఎవరికన్న ఈ పేర్లు గుర్తుంటే చాలు, ఆ పట్నంల ఉన్న పిల్లకు చెప్పొచ్చు. దేశమంతటికి గృహహింస హాట్‌లైన్ ఉన్నది, 1-800-799-7233, రాత్రి పగలు పనిచేస్తది. ఇంగ్లీషు రాకున్నా పర్వాలేదు, "తెలుగు" అన్న ఒక్క మాట అంటే దుబాసిని లైన్లకు తెస్తరు.

వాలంటీరు కావాలంటే ఊకె చేర్చుకోరు. కాలిఫోర్నియా, ఇల్లినాయ్ లాంటి రాష్ట్రాలల్ల 40 గంటల శిక్షణ తప్పదు. ఆ 40 గంటలల్ల నాకు ఎక్కువ నేర్పింది ఊకుండుడే. "నువ్వు ఇల్లు విడిచి రా" అని మనం అనొద్దు. ఎప్పుడు రావాలె, అసలు రావాల్నా వద్దా, ఆమె తేల్చుకోవాలె. ఎందుకంటే ఆయన ఏ మాటకు ఎట్ల మండుతడో ఆమెకు తెలిసినంత మనకు తెల్వది. ఇల్లు విడిచే గడియ, విడిచినంక కొన్ని నెలలు, అవే అన్నిటికన్న ప్రమాదం. మనం తొందరపెట్టి తీసుకొస్తే ఆ ప్రమాదంలకు మనమే నూకినట్టు.

ఇగ నేను చేసే పని పెద్దదేం కాదు. కారు నడుపుత. హెచ్-4 మీద వచ్చిన పిల్లకు పని చేసే పర్మిషన్ లేకుంటే సోషల్ సెక్యూరిటీ నంబర్ రాదు. అది లేకపోతే క్రెడిట్, అంటే బాకీలు సక్కగ కట్టిన రికార్డు, ఉండది, క్రెడిట్ లేకపోతే తన పేరు మీద ఇల్లు కిరాయికి దొరకది. లైసెన్సు ఉండది, బస్సు రాని కాలనీల ఉంటది. కొట్టకున్నా ఆమె కట్టేసినట్టే. కోర్టుకు, దవాఖానకు, షెల్టరుకు తోల్కపోయేదొకరు కావాలె. మొదటిసారి నా కార్ల ఎక్కిన పిల్ల ఇరవై మైళ్ళు ఒక్క మాట మాట్లాడలే. దిగేముందు "అక్కా, పప్పుచారు దొరుకుతదా ఇక్కడ" అని అడిగింది. షెల్టర్ల రోజూ రొట్టె ముక్కలు, చీజే కద. ఇంట్ల నుంచి డబ్బాల పోసుకపోయి ఇచ్చిన. మళ్ళవారం కలిసినప్పుడు మొత్తం చెప్పుకున్నది.

హాలియా మామ | సోమవారం, ఉదయం 6:45

పొద్దుగాల లేచి ఇది చదివిన. టీచరమ్మా, మీ మంచితనం మీద నాకు అనుమానం లేదు. కాని ఒక మాట మనసులున్నది చెప్తున్న. మొగుడు పెండ్లాల నడుమ ఏమున్నదో బయటోళ్ళకు తెల్వది. మా చుట్టాలల్ల ఒక పిలగాని మీద కేసువెట్టి, ముసలి తల్లిదండ్రులను స్టేషన్ చుట్టు తిప్పిన్రు. తర్వాత రాజీ అయ్యింది కాని ఆ తల్లి మంచంల పడ్డది. ఒక దిక్కు మాట విని వాలంటీర్లు పోరిని ఎగదోస్తే సంసారాలు కూలిపోవా? పెద్దమనుషులల్ల పెట్టి మాట్లాడుకుంటే తీరదా?

మిర్యాలగూడ వకీలు | సోమవారం, మధ్యాహ్నం 1:20

హాలియా మామ గారు, మీ బాధ నాకు తెలుసు, అలాంటి కేసులు నేనూ చూశాను. అందుకే సుప్రీంకోర్టు 2014లో అర్నేష్ కుమార్ కేసులో, ఏడేళ్ళ లోపు శిక్ష పడే నేరాల్లో ఫిర్యాదు రాగానే అరెస్టు చేయకూడదని, కారణాలు రాసి నోటీసు ఇవ్వాలని చెప్పింది. భార్యను హింసించిన భర్త, అత్తింటి వాళ్ళ మీద పెట్టే పాత 498ఎ, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్ అయింది, దానికీ ఇదే వర్తిస్తుంది. ఇక పెద్దమనుషుల సంగతి. ఇక్కడ దావత్ హాల్లో కూర్చుని "సర్దుకుపోండి" అని కాగితం మీద సంతకాలు పెట్టించినంత మాత్రాన, వేల మైళ్ళ అవతల తలుపు వేసుకున్నాక ఏం జరుగుతుందో ఎవరు చూస్తారు? ఇట్లాంటి ఒప్పంద కాగితం పట్టుకుని మళ్ళీ నా దగ్గరికి వచ్చిన తండ్రులు ఎక్కువే.

టీచర్ గారికి, నాకు తెలిసిన చట్టం కొంచెం చెప్తాను.

అక్కడి వీసా విషయం. భర్త అమెరికా పౌరుడో, గ్రీన్ కార్డు ఉన్నవాడో అయితే, 1994 నాటి మహిళలపై హింస చట్టం కింద భార్య తనకు తానే దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఐ-360 అంటారు. భర్త సంతకం అక్కర్లేదు, ఆయనకు కబురు కూడా పోదు. మన పిల్లల్లో ఎక్కువ మంది భర్తలది హెచ్-1బి అనే ఉద్యోగ వీసా, ఆ భార్యలకు ఇది దొరకదు. హెచ్-4 మీద ఉండి హింస పడుతున్న భార్య పని చేసే పర్మిషన్ కోసం ఐ-765వి అనే ఫారం పెట్టొచ్చు. నేరానికి గురై పోలీసులకు సహకరించిన వాళ్ళకు యూ వీసా ఉంది, కానీ ఏడాదికి పదివేలే ఇస్తారు, కాబట్టి క్యూ చాలా పొడుగు. "నువ్వు పోలీసులకు చెప్తే నిన్ను దేశం నుంచి పంపించేస్తరు" అని భర్త బెదిరించడం చాలా మామూలు. కోర్టు నుంచి రక్షణ ఉత్తర్వు తెచ్చుకోవడానికి వీసా ఏదైనా అడ్డం కాదు. ఆమె కేసుకు ఏది సరిపోతుందో మాత్రం అక్కడి ఇమిగ్రేషన్ వకీలే చెప్పాలి. మీరూ నేనూ చెప్పకూడదు.

ఇండియాకు వచ్చేస్తే ఏంటి అని అడుగుతారు. 2019లో రూపాలీ దేవి కేసులో సుప్రీంకోర్టు, తల్లిగారింట్లో తలదాచుకున్న ఆడమనిషి అక్కడి స్టేషన్లోనే ఫిర్యాదు చేయవచ్చని తేల్చింది. 2005 గృహహింస చట్టం కింద కూడా, తాత్కాలికంగా ఉంటున్న చోటి మేజిస్ట్రేటు కోర్టులోనే దరఖాస్తు వేయొచ్చు.

పిల్లలుంటే ఒక్క నిమిషం ఆగాలి. అమెరికాలో పుట్టిన బిడ్డను తండ్రి అనుమతి లేకుండా విమానం ఎక్కిస్తే, అక్కడ అది పిల్లను ఎత్తుకుపోయిన నేరంగా మారే అవకాశం ఉంది. 1993లో దానికోసమే చట్టం చేశారు. తల్లి ప్రాణభయంతోనే పరుగెత్తి ఉండొచ్చు, ఆ చట్టంలో దానికి రక్షణ కూడా ఉంది. కానీ టికెట్ కొనే ముందే వకీలును అడగాలి. "బిడ్డను తీసుకుని వచ్చెయ్" అని ఫోన్లో చెప్పే తాతమ్మలు ఈ మాట వినాలి.

ఇంకొకటి, అక్కడి కోర్టు నుంచి విడాకుల కాగితాలు వస్తే పక్కన పడేయొద్దు. మన తెలుగు జంటదే పాత కేసు ఉంది, వై. నరసింహారావు, వై. వెంకటలక్ష్మి కేసు. తిరుపతిలో పెళ్ళి, భర్త అమెరికాలో మిస్సోరి కోర్టు నుంచి విడాకులు తెచ్చుకున్నాడు. 1991లో మన సుప్రీంకోర్టు అది చెల్లదంది. ఆమె ఆ కోర్టుకు తలవంచి ఒప్పుకోకపోవడం అందులో ఒక కారణం. కాబట్టి ఆ కాగితాలకు జవాబు రాసే ముందు, రాయకుండా ఊరుకునే ముందు కూడా, వకీలును అడగాలి.

టీచర్ గారు ఇక్కడే చేయగల పని ఒకటుంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో పారా లీగల్ వాలంటీర్లను తీసుకుంటారు, 2009 నుంచి నడుస్తున్న పథకం. రిటైరైన టీచర్లకు అందులో పెద్దపీట. 1987 చట్టం ప్రకారం ఆడవాళ్ళకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు, 15100కు ఫోన్ చేస్తే చాలు. ఈ ఒక్క సంగతి తెలియక, కేసుకు డబ్బుల్లేవని కూర్చున్న తల్లులు ఎందరో.

దేవరకొండ నాయిన | సోమవారం, రాత్రి 8:55

నాకు రాసుడు రాదు, మా చిన్నోడు టైపు చేస్తున్నడు. నా బిడ్డ కథ కూడ గిట్లనే. ఇప్పుడు మంచిగున్నది, నౌకరి చేస్తున్నది. నేను నేర్చుకున్నయి తండ్రులకు చెప్తున్న.

ఒకరాత్రి బిడ్డ ఫోన్ల అరిచింది, కట్టయ్యింది. నేను గాబరవడి 911 కొట్టిన. పోతదా? పోదు. ఇక్కడికెల్లి 911 కొడితే అమెరికా పోలీసులకు కలవదు. ఆమె ఉండే ఊరి పోలీస్ స్టేషన్ది మామూలు పది అంకెల నంబర్ ఉంటది, ముంగట +1 పెట్టి కొట్టాలె. ఆ నంబర్ నా దగ్గర లేదు. ఇంటి అడ్రసు కూడ సక్కగ లేదు, అపార్ట్‌మెంట్ పేరున్నది కాని ఇంటి నంబర్ లేదు. తెల్లారేదాక నేను, మా ఇంటామె ఎట్ల ఉన్నమో ఆ దేవునికే ఎరుక.

ఇప్పుడు మా ఇంట్ల క్యాలెండర్ ఎనుక రాసివున్నది. ఇంటి నంబర్, పిన్‌కోడు, పోలీస్ స్టేషన్ నంబర్, దగ్గర్ల ఉన్న మన కాన్సులేట్ నంబర్. పోలీసులకు ఫోన్ చేసి "వెల్‌ఫేర్ చెక్" అంటే చాలు, ఇంటికి పోయి మనిషి ఎట్లున్నదో చూసొస్తరు. ఆ రెండు మాటలు మా చిన్నోడు నాకు కంఠతా పట్టించిండు. కాని ఊకె పంపొద్దు. బిడ్డతోని ముందుగాల అనుకోవాలె. పోలీసు వచ్చి పోయినంక ఆమె ఒక్కతే ఇంట్ల ఉంటది.

మా ఇంటామె, బిడ్డ ఒక మాట పెట్టుకున్నరు. "చింతకాయ తొక్కు అయిపోయిందమ్మా" అంటే పోలీసును పంపుమని. "తొక్కు ఇంక ఉన్నది" అంటే ఆగుమని. ఆయన పక్కనే కూసుండి వినేటోడు, తొక్కు ముచ్చట్లు పట్టించుకోకపోయేది.

కాగితాలు. పాస్‌పోర్టు, వీసా, పెండ్లి సర్టిఫికెట్, పెండ్లి ఫోటోలు, పెట్టిన బంగారం లిస్టు, అన్నిటి జిరాక్సులు బస్టాండు కాడ తీయించి ఒక ఫైల్ల పెట్టిన. ఆయన పాస్‌పోర్టు దాచివెట్టిండు. ఆ జిరాక్సు ఉన్నందుకే కాన్సులేట్ల కొత్తది తొందరగ అయింది. పెండ్లి చేసిననాడే జిరాక్సులు తీసివెట్టుకోండి. అనుమానం అని కాదు, బిడ్డకు పెట్టే సారెతోని పాటు అనుకోండి.

సూర్యాపేట బిడ్డ | మంగళవారం, ఉదయం 7:15

నాయినా, మీ మాటలు మా గ్రూపుల ఇంగ్లీషుల చెప్పిన. తొక్కు మాట విని మా శిక్షకురాలు రాసుకున్నది.

ఫోన్ల సంగతి కొంచెం కలుపుత. ఫోన్ ప్లాన్ భర్త పేరు మీద ఉంటే ఆమె ఏ నంబర్లకు చేసిందో బిల్లుల కనపడుతది. వాట్సాప్‌ల "లింక్డ్ డివైసెస్" తెరిచి చూస్తే ఆయన ల్యాప్‌టాప్ దానికి కలిపి ఉన్నదో లేదో తెలుస్తది. లొకేషన్ షేరింగ్ కూడ గట్లనే. కాని ఒక్కసారిగ అన్నీ ఆపేస్తే ఆయనకు అనుమానం వస్తది, అది ఇంక ప్రమాదం. అందుకే లైబ్రరీ కంప్యూటర్ల నుంచో, దోస్తు ఫోన్ల నుంచో చేసుకొమ్మంటం.

టీచర్, మీరు తెలుగు చెప్పినోళ్ళు కనుక మీకు బాగ పనికొచ్చే ముచ్చట ఒకటున్నది. మాట మార్చి చెప్పే పని. నాకు తెలుగు వచ్చు, ఇంగ్లీషు వచ్చు, ఇంకేంది అనుకున్న. కాదు. మన ఆడవాళ్ళు దెబ్బను దెబ్బ అనరు. "చెయ్యి చేసుకున్నడు" అంటరు. అది చెంప మీద ఒకటి కావచ్చు, పక్కటెముక ఇరిగింది కావచ్చు. నేను దాన్ని ఇంగ్లీషుల చిన్నగ చెప్తే కౌన్సెలర్ చిన్నదే అనుకుంటది. "గొంతు మీద చెయ్యేసిండు" అని ఒకామె మాటల నడుమ అనేసి పోయింది. నేను ఆగి మళ్ళ అడిగిన. ఊపిరి ఆడలేదట, కండ్లు బైర్లు కమ్మినయట. గొంతు పిసికే మొగోడు చంపేదాక పోతడనేదానికి అది పెద్ద గుర్తు. నర్సు అప్పటికప్పుడు దవాఖానకు పంపింది. ఆ మాట నేను అట్లనే జారవిడిచి ఉంటే?

ఇంకోటి, "ఇగ నేను ఉండ." ఈ ఇంట్ల ఉండ అనా, ఈ లోకంల ఉండ అనా? రెంటికి మనకు ఒకటే మాట. అడగాలె. సక్కగ, నేరుగ అడగాలె, "చచ్చిపోవాలనిపిస్తుందా చెల్లె" అని. అడిగితే ఆ ఆలోచన వస్తదని భయపడొద్దు. అడిగినోళ్ళకే చెప్పుకుంటరు.

జడ్చర్ల చెల్లె | మంగళవారం, రాత్రి 9:40

మూడు రోజుల నుంచి చదువుతున్న. నేను ఇంకో దిక్కుకెల్లి చెప్త.

మాది పాలమూరు. మా అవ్వ వాళ్ళు బొంబాయికి, పుణెకు వలస పోయినోళ్ళే. నేనిప్పుడు చౌటుప్పల్ దిక్కు ఇటుకబట్టీల కాడ ఆడవాళ్ళతోని పనిచేస్తున్న. ఒడిశాల బలంగీర్, నువాపాడ నుంచి వస్తరు. వానాకాలం అయినంక వచ్చి, మళ్ళ వానల దాక ఉంటరు. అడ్వాన్సు మొగుడు పెండ్లాలకు కలిపి ఇస్తరు, పని కూడ జంటకు లెక్కనే. ఇటుక పోసేది ఇద్దరు, లెక్క రాసేది మొగోని పేరు మీద. ఆమె మొగన్ని విడిచి పోతే అడ్వాన్సు బాకీ నెత్తి మీద ఉంటది, బట్టీ ఓనరు పోనియ్యడు. అక్కడ హెచ్-4, ఇక్కడ అడ్వాన్సు. అంతే తేడా.

పోయిన సీజన్ల ఒకామె ముంజేతికి కాలిన గాయంతోని దవాఖానకు వచ్చింది. పొయ్యి కాడ కాలిందన్నడు మొగడు. గాయం గుండ్రంగ, నాలుగు చోట్ల ఉన్నది. బీడీ అని చూస్తెనే తెలుస్తది. ఆమెకు తెలుగు రాదు, హిందీ అంతంతే. నాకు ఒడియా రాదు. తొందరల, పక్క ఫ్యాక్టరీల పనిచేసే ఒడియాయనను పిలుచుకొచ్చి అడిగిపిచ్చిన. ఆయనది, మొగనిది ఒకటే పంచాయతీ అని నాకు తెల్వలే. ఆమె చెప్పిన ప్రతి మాట సాయంత్రానికి బట్టీకి చేరింది. ఆ రాత్రి ఏమైందో నేను ఇక్కడ రాయలేను. తెల్లారి 112కు చేసి, ఆమెను ఇక్కడి సర్కారు సఖి కేంద్రానికి చేర్చినం, న్యూయార్క్ సఖి వేరు, ఇది వేరు. అక్కడ ఐదు రోజులు ఉండనిస్తరు, దవాఖాన, పోలీసు, వకీలు అన్నీ ఒక్క దగ్గర దొరుకుతయి. 181కు చేసినా అక్కడికే కలుపుతరు. బాకీ సంగతి ఆర్డీఓ కాడికి పోయింది. 1976 వెట్టిచాకిరి చట్టం కింద విడుదల పత్రం ఇస్తే అడ్వాన్సు కట్టే పని లేదు.

ఆ తప్పు నాది. ఎవరిని దుబాసిగ పెడుతున్నమో అడగకపోతిని. సూర్యాపేట అక్కా, అమెరికాల కూడ తెలుగోళ్ళు అందరు అందరికి చుట్టాలే కద, మీరెట్ల చూసుకుంటరు?

సూర్యాపేట బిడ్డ | మంగళవారం, రాత్రి 11:05

చెల్లె, అదే మా పెద్ద భయం. ముందుగాల నా పేరు, నా ఊరు, మా ఇంటిపేరు ఆమెకు చెప్పి, "నేను వద్దనిపిస్తే చెప్పు, వేరేటోళ్ళను పిలుస్తరు, నాకు కోపం రాదు" అంట. ఒకసారి ఒకామె వద్దన్నది. మా వదినె వాళ్ళ ఊరు ఆమెది. నేను లైన్లకెల్లి తప్పుకున్న. బతుకమ్మ కాడ తర్వాత ఎదురైతే తెల్వనట్టే ఉన్న. ఆమె వచ్చి నా చేతిల సద్దుల ముద్ద పెట్టింది.

హాలియా మామ | బుధవారం, ఉదయం 6:20

దేవరకొండ అన్నా, నీ క్యాలెండర్ ముచ్చట చదివినంక రాత్రి నిద్ర పట్టలే. మా తమ్ముని బిడ్డ డల్లాస్‌ల ఉన్నది. ఇంటి నంబర్ మా దగ్గర ఎవని దగ్గర లేదు. పొద్దుగాల తమ్మునికి ఫోన్ చేసి అడగమన్న. పెద్దమనుషుల మాట నేను అన్నది వాపస్ తీసుకుంటలేను, కాని ముందు పిల్ల బతికుండాలె.

పానగల్లు టీచరమ్మ | రెండు వారాల తర్వాత, రాత్రి 8:30

అందరికి దండాలు. వకీలు గారు చెప్పినట్టు న్యాయ సేవాధికార సంస్థల పారా లీగల్ వాలంటీరుకు దరఖాస్తు ఇచ్చిన. సఖి కేంద్రానికి కూడ పోయిన. ఫోన్లు ఎత్తే పని స్టాఫ్‌దే అన్నరు, కాని అర్జీ రాసిచ్చే మనిషి కావాలన్నరు. వారంల రెండు రోజులు పోతున్న. నిన్న ఒకామె చెప్తుంటే రాసిన. "కోపంల ఒకటి రెండు దెబ్బలు" అన్నది. నేను పెన్ను పక్కకు వెట్టి, దేనితోని కొట్టిండు తల్లీ అని అడిగిన. మోటారు బెల్టు. నీళ్ళ మోటారు బెల్టు. అదే రాసిన.

నా పాత పిల్లకు కూడ ఫోన్ చేసి, ఆనాడు అన్న మాటకు తప్పయింది బిడ్డా అన్న. ఆమె చాలాసేపు మాట్లాడలే. తర్వాత "టీచర్, ఇప్పుడు నాకు సొంత మెషిన్ ఉన్నది" అన్నది. ఇద్దరం ఏడ్చినం.

జడ్చర్ల చెల్లె | అదే రాత్రి, 9:15

టీచర్, మీరు అక్కడున్నరంటే ధైర్యంగ ఉన్నది. ఒక అవసరం పడ్డది. సోమవారం ఒకామెతోని మాట్లాడాలె. ఒడియా వచ్చిన ఆడామె కావాలె, బట్టీలతోని, కూలీల ఊర్లతోని ఏ సంబంధం లేనామె. ఎవరికన్న తెలుసా?

బరంపురం కోడలు | అదే రాత్రి, 9:52

నేను ఇక్కడ చదవడమేగాని ఎప్పుడూ రాయలేదు. మా పుట్టిల్లు బరంపురం, నల్లగొండకు కోడలిగా వచ్చి పదకొండేళ్ళు. ఒడియా చదవడం, రాయడం వచ్చు. బలంగీర్ వాళ్ళ యాస వేరుగా ఉంటుంది, చాలా వరకు అర్థమవుతుంది, అర్థం కాని మాట దగ్గర ఆగి మళ్ళీ అడుగుతాను. ముందు నా పేరు, ఊరు ఆమెకు చెప్పండి, సరేనంటేనే వస్తాను. సోమవారం పొద్దున 8 గంటల బస్సు ఎక్కుతాను. చౌటుప్పల్లో ఎక్కడ దిగాలో విడిగా మెసేజ్ పెట్టండి, ఇక్కడ రాయొద్దు.